అరవై ఒకటో పేజీలో రాములవ్వ

తెలుగులో కవిత రాయడం ఏమంత కష్టం కాదు. దాన్ని అచ్చులో చూసుకోవడానికే సగం ఆయుష్షు పోతుంది. ఊరికే అనడం లేదు. నాలుగేళ్లలో ఇరవై రెండు కవితలు పత్రికలకు పంపినదాన్ని. సగం పత్రికల నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒక పత్రిక 'మీ రచన అందింది, పరిశీలనలో ఉంది' అని మెయిల్ పెట్టి, పరిశీలిస్తూ పరిశీలిస్తూనే మూతపడింది. ఇంకో సంపాదకుడు ఫోన్ చేసి, "చాలా బాగుందమ్మా, కానీ దీన్ని కవిత అనొచ్చంటావా?" అని నన్నే సలహా అడిగాడు. అనొచ్చండీ అన్నాను. ఆలోచిద్దాం అన్నాడు. రెండేళ్లయింది, ఇంకా ఆలోచిస్తున్నట్టున్నాడు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండే నిబంధన ఒకటుంది. 'మూడు నెలల్లోగా మా నుంచి కబురు రాకపోతే స్వీకరించలేదని భావించాలి.' ఆ మూడు నెలలూ కవితను ఇంకెక్కడికీ పంపకూడదు. ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు, చివరికి వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టకూడదు. రేషన్ షాపు ముందు వరసలో సంచి పెట్టి పోయినట్టు, కవితను అక్కడ పెట్టేసి మనం దిక్కులు చూస్తూ ఉండాలి.

నా పేరు రజిని. యూనివర్సిటీలో తెలుగు శాఖ పరిశోధక విద్యార్థిని, ఇది ఐదో సంవత్సరం. మా ఇల్లు క్యాంపస్ గోడకు అవతల, మాణికేశ్వర్ నగర్‌లో. నా పరిశోధన దేని మీదనుకున్నారు? కవితా సంకలనాల మీదే. సంకలనాల గురించి ఇప్పటికి నాలుగు వందల పేజీలు రాశాను గాని, ఒక్క సంకలనంలోనూ నేను లేను. ఈ మాట మా గైడుతో అంటే, "మంచిదే, నీ పరిశోధనకు నిష్పాక్షికత ఉంటుంది" అన్నారు.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. మా నాయనమ్మ రాములవ్వ. ఇదే యూనివర్సిటీలో లేడీస్ హాస్టల్‌ను ఇరవయ్యారేళ్లు ఊడ్చింది. కాంట్రాక్టర్లు ఐదుగురు మారారు, చీపురు మాత్రం ఆమె చేతిలోనే ఉంది. హాస్టల్ పిల్లలకు ఆమె 'ఆయమ్మ'. వార్డెన్లకు 'ఏయ్, ఇటు రా'. అరవై దాటాక ఇక రావద్దన్నారు. ఇప్పుడు తార్నాకలో ఒక అపార్ట్‌మెంట్‌లో పొద్దున పూట మెట్లు కడుగుతోంది. సాయంత్రాలు గడప మీద కూర్చుని హాస్టల్ ముచ్చట్లు చెప్పేది. చీపురు కింద ఏమేం దొరికేవో, ఎవరివో, ఎవరికి తిరిగి ఇచ్చిందో, ఇస్తే ఎవరు ఏమన్నారో. ఆమె చెప్పినవి చెప్పినట్టే, ఆమె మాటల్లోనే కవితగా రాశాను. పేరు 'చీపురు కింద దొరికినవి'.

రాసిన రోజే చదివి వినిపించబోతే వద్దంది.

"ఇప్పుడే సదవకు. కాయితం మీద ఎవలన్న రాస్తరు. పుస్తకంల పడ్డంక సదువు. నా పేరు పుస్తకంలకెల్లి సదువుతే ఇంట."

ఆమెకు చదువు రాదు. పుస్తకం అంటే చర్చిలో పాస్టరు విప్పి చదివే పుస్తకమే ఆమెకు గుర్తు. దాంట్లో ఉన్నది ఎవరూ చెరపలేరని ఆమె నమ్మకం. హాజరు వేసే మస్టర్లో పేరు ఇష్టమొచ్చినట్టు కొట్టేస్తారు, గుర్తింపు కార్డు ఏడాదికొకసారి గుంజుకుంటారు, పుస్తకంలో పేరు మాత్రం ఉంటుంది. ఒక్కసారి అట్లా తన పేరు వినాలి. అంతకంటే ఆమె నన్ను ఏమీ అడగలేదు. నేను కూడా ఆ కవిత మీద అంతకంటే ఎక్కువ ఆశ పెట్టుకోలేదు. అప్పటికి.

అప్పుడే నాతో పాటు పరిశోధన చేస్తున్న ముఖేష్ వాట్సాప్‌లో ఒక ప్రకటన పంపాడు. శ్రమజీవుల మీద కవితా సంకలనం, పేరు 'శ్రమకు అక్షరాభిషేకం'. కవిత ఎక్కడా అచ్చయి ఉండకూడదు, హామీపత్రం మీద సంతకం పెట్టాలి, ఫొటో పంపాలి, సామాజిక స్పృహ ఉండాలి. సంపాదకుడు పార్థసారథి. బ్యాంకులో పనిచేసి రిటైరై తార్నాకలో ఉంటున్న డెబ్బై ఏళ్ల పెద్దమనిషి, గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. న్యాయంగా చెప్పాలంటే చెడ్డవాడు కాదు. ఏటా ఒక సంకలనం వేస్తాడు, పుస్తకాల కట్టలు తనే మోస్తాడు, ప్రతి కవికీ తనే ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్లే ప్రాణాంతకం.

"అమ్మాయ్ రజినీ, కవిత అద్భుతం. ఒకటి రెండు చోట్ల ముట్టుకుంటాను, ఏమనుకోకు."

"ఎక్కడ సార్?"

"'గీడ ఒక పిన్ను, గాడ ఒక పిన్ను' అన్నావు. 'ఇక్కడ ఒక పిన్ను, అక్కడ ఒక పిన్ను' అందాం. అందరికీ అందుతుంది."

"సార్, మాట్లాడేది మా నాయనమ్మ. ఆమె ఇక్కడ అనదు."

"ఆవిడ అనరనుకో. చదివేవాళ్లు అంటారు కదమ్మా."

ఆ ఒక్క 'గీడ' మీద నాలుగు రోజులు, నాలుగు ఫోన్లు. చివరికి 'గీడ' ఉంచి, పేజీ కింద అర్థం వేసేటట్టు ఒప్పుకున్నాడు. ఐదో ఫోన్లో కవిత ముగింపు పట్టుకున్నాడు.

"చివర్లో కాస్త ఆశ ఉండాలమ్మా. ఒక సూర్యోదయం పెట్టకూడదూ?"

"సూర్యుడు పొడిస్తే ఆమె మళ్లీ ఊడ్వబోవాలె సార్. గందుకే పెట్టలే."

నవ్వాడు. సరే అన్నాడు. తర్వాత మా నాయనమ్మ ఫొటో ఉంటే పంపమన్నాడు. మా ఇంట్లో ఆమెది సరైన ఫొటో ఒక్కటే ఉంది, పాత గుర్తింపు కార్డు కోసం ఇరవై ఏళ్ల కింద తీయించింది. కెమెరాను చూసి భయపడ్డట్టు బిగుసుకుని ఉంటుంది. అదే పంపాను. "ఎంత గంభీరమైన ముఖమమ్మా!" అన్నాడు. "ఎన్నేళ్లు పనిచేశారు?" అన్నాడు. ఇరవయ్యారు అంటే, ఫోన్లో పెద్ద నిట్టూర్పు వినిపించింది. నేను దాన్ని గౌరవం అనుకున్నాను.

ప్రూఫు ఎట్లా వచ్చిందో చెప్పాలి. కంప్యూటర్ తెర మీద నా కవిత ఉన్నంత మేర సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పంపాడు. "గంటలో చూసి పంపు, ప్రెస్సు వాళ్లు ఆగరు." మన సంకలనాల్లో పద్ధతి ఇదే. కవికి తన కవిత కనిపిస్తుంది. పేజీ పైన ఏముందో, కింద ఏముందో, ఏ విభాగంలో వేశారో, అదంతా సంపాదకుడి సొంత వ్యవహారం. నేను ఆత్రంగా 'గీడ' ఉందా, 'గాడ' ఉందా అని చూసుకున్నాను. ఉన్నాయి. గెలిచాననుకుని సరే పంపించాను. సంకలనాల మీద నాలుగు వందల పేజీలు రాసిన మనిషిని, తక్కిన పేజీ చూపించండి సార్ అని అడగాలని తోచలేదు.

ఆవిష్కరణ ఒక శనివారం పొద్దున పదిన్నరకు, మా శాఖ సెమినార్ హాల్లోనే. రాములవ్వ తెల్లవారకముందే పోయి అపార్ట్‌మెంట్ మెట్లు కడిగేసి వచ్చింది. క్రిస్మస్‌కు కట్టే ఊదారంగు చీర కట్టింది. ఇంటి నుంచి హాలు దాకా ఇరవై నిమిషాల నడక, మాకు గంట పట్టింది. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి జిరాక్స్ షాపు ఆయన దాకా పాతవాళ్లు అందరూ తెలుసు ఆమెకు. ప్రతి ఒక్కరి దగ్గరా ఆగింది.

"ఏడికి వోతున్నవ్ రాములవ్వా, గింత తయారై?"

"పుస్తకంల నా పేరు వడ్డది. ఇననీకి వోతున్న."

హాల్లో అప్పటికి ఇరవై మంది ఉన్నారు. రాములవ్వను మూడో వరసలో కూర్చోబెట్టి, పుస్తకం కోసం వేదిక పక్కనున్న బల్ల దగ్గరికి పోయాను. కట్ట విప్పి ఒక కాపీ తీసుకున్నాను. విషయసూచికలో నా పేరు వెతికి అరవై ఒకటో పేజీ తీశాను.

పేజీ పైన నల్లగీత. గీత మీద 'నివాళి' అనే విభాగం పేరు. దాని కింద మా నాయనమ్మ ఫొటో, ఫొటో చుట్టూ కంప్యూటర్లో గీసిన పూలదండ. దండ కింద 'కీ.శే. రాములవ్వ'. ఆ కింద, నేను ఎన్నడూ రాయని ఒక వాక్యం నా పేరుతో: 'నన్ను విడిచి వెళ్లిన మా నాయనమ్మ స్మృతికి'. అప్పుడు వస్తుంది కవిత, 'గీడ'తో సహా.

నాకు నెత్తురు తలకెక్కింది. పార్థసారథి వేదిక మెట్ల దగ్గర శాలువాలు సర్దుతున్నాడు. పుస్తకం ఆయన ముక్కు ముందు పెట్టాను.

"ఏంది సార్ ఇది?"

"బాగా వచ్చింది కదూ? ఆ దండ మా డీటీపీ ఆయన ఆలోచన."

"మా నాయనమ్మ బతికే ఉన్నది సార్."

ఆయన కళ్లద్దాలు తీశాడు. పేజీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. తప్పు నేనే చేసినట్టు ముఖం పెట్టాడు.

"బతికున్నారా? మరి నువ్వు చెప్పలేదేమ్మా?"

"సచ్చిపోయిందని చెప్పిన్నా సార్?"

"అది వేరే చెప్పక్కర్లేదు కదమ్మా. బతికున్నవాళ్ల మీద ఇంత బాగా ఎవరు రాస్తారు? నలభై ఏళ్లుగా కవితలు చూస్తున్నాను. పనివాళ్ల మీదా, ముసలివాళ్ల మీదా మనసు పెట్టి రాశారంటే వాళ్లు పోయినట్టే లెక్క. నేను అడిగి నిన్ను బాధపెట్టడం ఎందుకని..."

ఆయన మీద అరిచేద్దామని నోరు తెరిచాను. అరవలేకపోయాను. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. నా పరిశోధనలో స్మృతి కవితల మీద ఒక అధ్యాయమే ఉంది. మూలన మంచంలో మనిషి ఉన్నంత కాలం ఒక్క పాదం రాయని కవి, మనిషి పోయిన పదకొండో రోజుకు ఆరు పేజీలు రాస్తాడని అందులో నేనే రాశాను. నా ఒళ్లు మండింది ఆయన మీదా, తెలుగు కవిత్వం మీదా, నా మీదా కూడా.

"ఏం చేద్దాం మరి," అన్నాడాయన. "అయిదు వందల కాపీలు అచ్చయిపోయాయి. తప్పొప్పుల చీటీ ఒకటి వేయిస్తాను. అరవై ఒకటో పేజీలో కీర్తిశేషులు అన్నచోట శ్రీమతి అని చదువుకోగలరు. సరిపోతుందా?"

ఆయన గొంతు తగ్గించాడు.

"చూడమ్మాయ్, కాత్యాయని గారు వస్తున్నారు ముఖ్య అతిథిగా. ఇంగ్లిష్‌లోకి అనువదిస్తారు, తెలుసుగా? ఢిల్లీ వాళ్లు శ్రామికుల మీద స్మృతి కవితల సంకలనం వేస్తున్నారు, దానికి మన పుస్తకంలోంచి అయిదు తీసుకుంటున్నారు. మొదటిది నీదే. ఆ పేజీ చూసి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఈ ఒక్కపూట సర్దుకో. సభ అయ్యాక నేనే నిదానంగా చెబుతాను."

అబద్ధమెందుకు, నాకు ఆశ పుట్టింది. నాలుగేళ్లుగా 'పరిశీలనలో ఉంది' అని విని విని ఉన్నదాన్ని. ఇంగ్లిష్. ఢిల్లీ. మొదటి కవిత. మనసు వెంటనే వకాల్తా పుచ్చుకుంది. రాములవ్వకు చదువు రాదు కదా, కీ.శే. అంటే ఆమెకేం తెలుసు, ఆమె అడిగింది పేరు, పేరు ఉండనే ఉంది కదా అంది. 'గీడ' కోసం నాలుగు రోజులు కొట్లాడినదాన్ని, మా నాయనమ్మ ప్రాణం కోసం నాలుగు నిమిషాలు కొట్లాడలేకపోయాను. "సరే సార్" అనలేదు నేను. కానీ వద్దని కూడా అనలేదు.

ఆయన నా భుజం తట్టి, హాలు వైపు తిరిగాడు. మూడో వరసలో ఊదారంగు చీర కట్టుకున్న ముసలమ్మ కనిపించింది.

"ఆయమ్మా, ఆ నీళ్ల సీసాలు కాస్త వేదిక మీద పెడతావూ?"

ఆయన చేతిలో ఉన్న పుస్తకంలో అరవై ఒకటో పేజీ ఇంకా తెరిచే ఉంది. రాములవ్వ లేచింది. సీసాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. బల్ల మీద దుమ్ముంటే కొంగుతో తుడిచింది కూడా. "థాంక్స్ అమ్మా" అన్నాడాయన మర్యాదగా. నేను నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాను. ఈమే సార్ రాములవ్వ అని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను అనలేదు. ఇప్పటికీ ఆ నాలుగడుగులు తలచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఇద్దరం మూడో వరసకు తిరిగొచ్చి కూర్చున్నాం.

"గా సారేనా పుస్తకం ఏసింది? మంచిగ మాట్లాడుతుండు," అంది.

కాత్యాయని గారు వచ్చారు. హాలు నిండింది. పార్థసారథి గారు మైకు ముందుకు వచ్చారు.

"సభా సంప్రదాయం ప్రకారం, ఈ సంకలనంలో మనం స్మరించుకుంటున్న శ్రమజీవులకు ముందుగా నివాళి అర్పిద్దాం. మనల్ని విడిచి వెళ్లినవారి పేర్లు చదువుతాను. ఆ తర్వాత రెండు నిమిషాలు మౌనం. అందరూ దయచేసి లేచి నిలబడండి."

అందరూ లేచారు. నేనూ లేచాను. రాములవ్వ కొంగు తల మీదికి లాక్కుని లేచి నిలబడింది. నా చెవి దగ్గరికి వంగింది.

"ఎవలు వోయిండ్రు బిడ్డా?"

"ఎవరో లే అవ్వా," అన్నాను.

"బీడీ కార్మికురాలు ఎల్లవ్వ," చదివారు పార్థసారథి గారు. ప్రతి పేరు తర్వాతా కాసేపు ఆగుతున్నారు. "హమాలీ మల్లేశం. హాస్టల్ పారిశుద్ధ్య కార్మికురాలు రాములవ్వ."

"ఉన్న సార్!"

హాలంతా మా వైపు తిరిగింది. ఆమె కావాలని అనలేదు. ఇరవయ్యారేళ్లు రోజూ పొద్దున ఆరింటికి హాస్టల్ గేటు ముందు సూపర్‌వైజర్ మస్టర్ తెరిచి పేర్లు చదివేవాడు. చదివిన వెంటనే పలకాలి. పలకకపోతే ఆ రోజు గైర్‌హాజరు, మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా సరే. వాదించినా లాభం లేదు, సూపర్‌వైజర్ అప్పటికే తర్వాతి పేరుకు పోయి ఉంటాడు. వరసగా నిలబెట్టి, పేర్లు చదువుతూ, తన పేరు దగ్గర ఒక సారు ఆగితే, రాములవ్వ నోటి నుంచి ఇంకో మాట ఎట్లా వస్తుంది?

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పార్థసారథి గారు మైకులోనే సర్దిచెప్పారు.

"ఎవరో పెద్దావిడ... పేరు కలిసినట్టుంది. పర్లేదు. మౌనం పాటిద్దాం."

మౌనం మొదలైంది. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను తల వంచుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. నా పక్కన రాములవ్వ ఊపిరి వినిపిస్తోంది. ఆమెకు ఆ మౌనం తెలుసు. ఈ క్యాంపస్‌లో ఇరవయ్యారేళ్లలో ఎన్ని సంతాప సభలకు కుర్చీలు వేసి తీసిందో లెక్క లేదు. అర నిమిషం గడిచి ఉంటుంది.

"పేరు కలువలే సారూ," అంది, అందరికీ వినిపించేటట్టు. "లేడీస్ హాస్టల్ ఊడ్సిన రాములవ్వను నేనే. గీ పిల్ల నా కొడుకు దానియేలు బిడ్డ. కావాలంటే అడుగుండ్రి."

అందరూ నన్ను చూశారు. వేదిక మీద నుంచి కాత్యాయని గారు చూశారు. పార్థసారథి గారు కూడా చూశారు, కళ్లతోనే సర్దుకో అంటున్నట్టు.

"అవును సార్. మా నాయనమ్మే. బతికే ఉన్నది. ఇందాకనే మీకు చెప్పిన."

పార్థసారథి గారు శాలువాల వైపు చూశారు. నలభై ఏళ్లుగా సభలు నడిపిన మనిషి కదా, తేరుకున్నారు.

"చిన్న సాంకేతిక లోపం జరిగింది. మన రాములవ్వ గారు మన మధ్యనే ఉండటం మన అదృష్టం. వారిని వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. ఇందాక తను తుడిచిన బల్ల వెనకే రాములవ్వను నిలబెట్టి శాలువా కప్పారు. ఫొటోలు తీశారు. కాత్యాయని గారు ఆమె చేతులు పట్టుకుని "చాలా సంతోషం" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. తర్వాత నన్ను పక్కకు పిలిచారు.

"మీ కవిత నాకు చాలా ఇష్టం. కానీ అది స్మృతి కవితల సంకలనం కదమ్మా. ఏమీ అనుకోకండి, ఇంకెప్పుడైనా చూద్దాం."

ఇంకెప్పుడైనా అంటే ఎప్పుడో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

కవితా పఠనంలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. నా వంతు రాలేదు. అడిగితే, "మీకు సన్మానం అయిపోయింది కదమ్మా, టైము లేదు" అన్నారు. నలభై ఒక్క మంది కవులు తమ కవితలు చదివారు. ఏ కవిత వింటానని ఆమె వచ్చిందో, ఆ ఒక్కటీ ఎవరూ చదవలేదు.

మధ్యాహ్నం బయటపడ్డాం. రాములవ్వ పొద్దున తన టిఫిన్ డబ్బా అపార్ట్‌మెంట్లో మరిచిపోయింది, దానికోసం తార్నాక దాకా నడిచాం. శాలువా మడత పెట్టి చంకలో పెట్టుకుంది. తార్నాక చౌరస్తా దగ్గర బస్‌స్టాప్‌లో ఖాళీ బెంచీ కనిపిస్తే కూలబడింది.

"సదువు ఇగ," అంది.

"ఇక్కడనా?"

"పుస్తకం ఉన్నది, నేనున్న. ఇంకేం గావాలె?"

చదివాను. బస్సుల హారన్ల మధ్య గొంతు పెంచి చదివాను.

'గీడ ఒక పిన్ను, గాడ ఒక పిన్ను
ఇరవయ్యారేండ్ల సంది ఏరుతున్న
ఏ తలదో ఎరుకనే, ఏ తల నా దిక్కు తిరగలే'

మధ్యలో రెండుసార్లు ఆపింది. హాల్ టికెట్ దొరికింది మూడో అంతస్తులో కాదు, బాత్రూముల కాడ అంది. చింపేసిన ఉత్తరం తిరిగి ఇస్తే ఆ పిల్ల ఏడ్చిందని రాశాను. "ఏడ్వలే. చెప్పు తీసి గోడకు కొట్టింది. గట్లనే రాయకపోయినవ్" అంది. ఈ సంపాదకురాలితో నేను వాదించలేదు. తన పేరు వచ్చినచోట కళ్లు మూసుకుని ఇంకోసారి చదవమంది. చదివాను. ఇంకోసారి అంది. మళ్లీ చదివాను. కవిత అయిపోయింది.

"మంచిగ రాసినవ్," అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. పేజీ మీది పూలదండను వేలితో తడుముతోంది.

"గాల్లకు నేనెవలో ఎరుక లే. సచ్చిందనుకుండ్రు, నిలవడ్డరు. గాల్లను ఏమంటం?" అని నా వైపు తిరిగింది. "నీకు ఎరుకనే కద బిడ్డా. నువ్వెందుకు నిలవడ్డవ్?"

అబద్ధాలు చాలానే వచ్చాయి నోటిదాకా. అందరూ లేచారు అవ్వా. సారు పెద్దాయన అవ్వా. సభ పాడవుతుందని అవ్వా. కవితలు రాసే మనిషికి మాటలకేం కరువు? ఒక్కటీ ఆమె ముఖం చూస్తూ అనలేకపోయాను.

"నా కవిత ఢిల్లీకి వోతదన్నరు. ఇంగ్లిష్‌ల వేస్తమన్నరు. నువ్వు లేకపోతేనే తీసుకుంటరట."

ఆమె పూలదండ మీది నుంచి వేలు తీసింది.

"తీసుకుండ్రా మరి?"

"లేదు."

"ఊఁ," అంది.

పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది. "గిది నువ్వే ఉంచుకో" అంది. బస్సుల రద్దీలో ఆ చౌరస్తా దాటాలంటే ఆమెకు భయం, నాతో వస్తే ఎప్పుడూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. నేను లేచి చెయ్యి చాపాను. రాములవ్వ ఆ చెయ్యి చూసి కూడా, బస్సులకు అడ్డంగా తన చెయ్యి తనే ఎత్తి ఆపుకుంటూ, ఒక్కతే రోడ్డు దాటి వెళ్లింది.